ఫిర్యాదు ఏ భాషలో రాయాలి?

తెలుగులోని ‘ఫిర్యాదు’ అనే మాట పారసీకం నుంచి వచ్చింది. ఆ భాషలో దానికి మొర, ఆర్తనాదం అని అర్థం. ఆపదలో ఉన్నవాడు ఆదుకోమని వేసే కేక అది. కచేరీల ద్వారా, కోర్టుల ద్వారా మనదాకా వచ్చేసరికి కేక పోయి కాగితం మిగిలింది. బెంగుళూరులో చదివే మన విద్యార్థికి దీనికి బదులుగా ఎదురయ్యే కన్నడ మాట ‘దూరు’. ఈ మాట తెలుగువారికి కొత్తది కాదు. ‘ఒకరిని దూరడం ఎందుకు?’ అని ఇంట్లో పెద్దలు అనగా విన్నదే. అయితే మనకు దూరడం అంటే నిందించడం, అదీ చాలాసార్లు అకారణంగా నిందించడం. పక్కపక్కన బతుకుతున్న రెండు భాషలలో ఒకే మాట ఒకచోట పౌరుడి హక్కుగా, మరొకచోట నోటి దురుసుగా స్థిరపడింది. వేధింపుకో, వివక్షకో, హింసకో గురైన తెలుగు విద్యార్థి కాలేజీలో సహాయం అడగడానికి వెనుకాడినప్పుడు ఈ తేడా మాకు గుర్తుకు వస్తుంది. తాను ఫిర్యాదు చేయడం లేదు, ఎవరినో దూరుతున్నాను అన్న సంకోచం ఆ విద్యార్థిని పట్టుకుంటుంది.

భాషాసాహిత్యాల పత్రికలో ఈ విషయం ఎందుకని పాఠకులు అడగవచ్చు. మేము గమనించినంతలో ఇలాంటి ఫిర్యాదులు సాక్ష్యం దగ్గర బలహీనపడటానికి ముందే మాటల దగ్గర బలహీనపడుతున్నాయి. అందుచేత ఎవరి దగ్గరకు వెళ్ళాలి అన్నదానితోబాటు ఏ మాటలలో చెప్పాలి అన్నదీ ఇక్కడ వివరిస్తున్నాము.

బెంగుళూరు తెలుగు విద్యార్థికి పరాయి ఊరు అనిపించదు. కూరగాయల అంగడిలో, ఆటోలో, మెస్సులో తెలుగు వినబడుతూనే ఉంటుంది. మారతహళ్ళిలోనో బి.టి.ఎం. లేఅవుటులోనో పి.జి.లో ఉంటే కన్నడం ఒక్క ముక్క రాకుండా నాలుగేళ్ళు గడిపేయవచ్చు. చిక్కు వచ్చిన రోజున మాత్రం తేడా తెలుస్తుంది. బజారు భాష తెలుగు కావచ్చు గాని, కాలేజీ దస్త్రం ఇంగ్లీషులోను, పోలీసు దస్త్రం కన్నడంలోను నడుస్తాయి. జరిగినదాన్ని విద్యార్థి మూడో భాషలోకి, ఒక్కొక్కప్పుడు నాలుగో భాషలోకి మోసుకుపోవలసి వస్తుంది.

ఆ మోతలో ఏమి జారిపోతుందో చూడండి. ‘ఏడిపించడం’ అనే క్రియ మనకు ఉంది. అన్నయ్య చెల్లెలిని ఏడిపిస్తాడు. బస్‌స్టాపులో రోజూ దారికాచే మనిషీ ఏడిపిస్తాడు. రెండింటికీ తెలుగు ఒకే మాట వాడుతుంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది ‘టీజింగ్’ అయి, వినేవారికి సరదా వ్యవహారంగా తోస్తుంది. ‘వెంటపడటం’ అన్న మాటకు మన సినిమాలు ప్రేమ అనే అర్థం అంటగట్టాయి గాని, వద్దన్న స్త్రీని పదేపదే వెంబడించడం, ఆమె ఫోనునూ ఇంటర్నెట్టు వాడకాన్నీ కనిపెట్టి ఉండటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను కింద నేరం. ‘అసభ్యంగా ప్రవర్తించాడు’ అన్నది మరీ ప్రమాదకరమైన వాక్యం. మర్యాద తెలిసిన విద్యార్థిని మర్యాద కోసమే ఆ మాట ఎంచుకుంటుంది. చదివే సమితికి మాత్రం అందులో సంఘటన కనిపించదు. ఒక విశేషణం మాత్రమే కనిపిస్తుంది. ఆ విశేషణం సరైనదా కాదా అని వాదించడం అవతలివారికి సులువు.

అందుచేత మేము చెప్పే మొదటి మాట ఇది: ముందు తెలుగులో రాయండి. ఇంట్లో అక్కతో చెప్పుకున్నట్టు, ఏ యాసలో ఆలోచిస్తారో ఆ యాసలోనే, జరిగిన రోజునో మర్నాడో రాసి తేదీ వేసుకోండి. విశేషణాలు తగ్గించి క్రియలు రాయండి. ‘సారు నాతో సరిగా ఉండలేదు’ అనేది ఫిర్యాదు కాదు. ‘మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ల్యాబులో ఎవరూ లేనప్పుడు నా భుజం మీద చెయ్యి వేశారు, నేను జరిగితే మళ్ళీ వేశారు, ఇంటర్నల్ మార్కులు గుర్తుంచుకో అన్నారు’ అనేది ఫిర్యాదు. అవతలి మనిషి అన్న మాటలు తెలుగువైతే తెలుగులో, కన్నడమైతే కన్నడంలో, హిందీవైతే హిందీలో, ఉన్నవి ఉన్నట్టు రాయాలి, బూతులైనా సరే. తరువాత అర్థం వేరే వాక్యంలో రాయవచ్చు. అప్పుడు ఎవరున్నారు, తరువాత మొదట ఎవరికి చెప్పారు అన్నవి కూడా చేర్చాలి. ఫోనులో వచ్చిన సందేశాలు చూడలేక చెరిపేయాలనిపించడం సహజమే, కాని చెరపకూడదు.

ఫిర్యాదును మంచి ఇంగ్లీషులో రాయలేనివారికి చట్టంలోనే ఆసరా ఉంది. పని స్థలాలలో స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం 9వ సెక్షనులో, బాధితురాలు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వలేకపోతే దాన్ని రాతలో పెట్టడానికి సమితి అధ్యక్షురాలో సభ్యులో తగిన సహాయం అంతా చేయాలని ఉంది. ఇది దయాభిక్ష కాదు, వారి విధి. ‘ఇంగ్లీషులో రాసుకుని రా’ అని తిప్పి పంపితే ఈ సెక్షను గుర్తుచేయవచ్చు.

ఈ చట్టం వెనుక కథ చాలామంది చదువుకున్నదే. రాజస్థాన్‌లో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో పనిచేసిన భన్వరీ దేవి బాల్యవివాహాన్ని ఆపబూనినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురయ్యారు. ఆ నేపథ్యంలో వేసిన వ్యాజ్యంలో 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ‘విశాఖ’ తీర్పు పని స్థలాలన్నిటికీ మార్గదర్శకాలు ఏర్పరచింది. (మన విశాఖపట్నానికి దీనితో సంబంధం లేదు, వ్యాజ్యం వేసిన సంస్థ పేరు అది.) పదహారేళ్ళకు అవే చట్టమయ్యాయి. విశ్వవిద్యాలయాల కోసం యు.జి.సి. ప్రత్యేకంగా 2015 నిబంధనలు చేసి 2016లో ప్రకటించింది. వీటి ప్రకారం ప్రతి సంస్థలోనూ అంతర్గత సమితి ఉండాలి. అందరూ ఐ.సి.సి. అంటున్నది దీన్నే. దీనికి సీనియరు ఉద్యోగిని అధ్యక్షురాలిగా ఉండాలి. సభ్యులలో కనీసం సగంమంది స్త్రీలు కావాలి. సంస్థకు సంబంధంలేని వ్యక్తి ఒకరు, విద్యార్థుల వ్యవహారమైతే విద్యార్థి ప్రతినిధులు కూడా ఉండాలి. యు.జి.సి. నిబంధనలు పురుష విద్యార్థులకూ ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకూ వర్తిస్తాయన్న సంగతి చాలామందికి తెలియదు. ప్రాంగణం అంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. కాలేజీ బస్సు, విజ్ఞానయాత్ర, ఇంటర్న్‌షిప్పు కూడా దాని కిందికే వస్తాయి. కాలేజీతో సంబంధంలేని పి.జి. యజమాని మీద మాత్రం ఈ సమితికి అధికారం ఉండదు. దానికి పోలీసులే దారి.

గడువు సంగతి కొంచెం ఎక్కువగా చెప్పాలి. సంఘటన జరిగిన మూడు నెలలలోపల, పలుమార్లు జరిగితే చివరిదాని నుంచి మూడు నెలలలోపల, ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే సమితి మరో మూడు నెలలు పొడిగించవచ్చు. అంతకుమించి వీలు లేదు. కోల్‌కతాలోని జాతీయ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకురాలు 2023 ఏప్రిల్ నాటి సంఘటన మీద ఆ సంవత్సరం డిసెంబరులో ఫిర్యాదు చేశారు. గడువు దాటిందన్న నిర్ణయాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆరోపణలో నిజమెంత అన్న విచారణే జరగలేదు. తీర్పు విషయాన్ని ప్రతివాది తన జీవిత వివరాల పత్రంలో చేర్చుకోవాలని కోర్టు ఆదేశించింది గాని, సమితి ద్వారా విచారణ అనే దారి మూసుకుపోయింది. న్యాయశాస్త్రమే బోధించేచోటి పరిస్థితి ఇది. ‘సెమిస్టరు అయ్యాక చూద్దాం’, ‘సంక్రాంతికి ఇంటికి వెళ్ళాక అమ్మతో చెప్పి ఆలోచిద్దాం’ అనుకునే విద్యార్థులకు ఈ లెక్క తెలియాలి. పోలీసు ఫిర్యాదుకు ఈ మూడు నెలల గడువు వర్తించదు.

ఫిర్యాదు ప్రతి ఒకటి ఏడు రోజులలో అవతలి వ్యక్తికి వెళుతుంది. ఇది ముందే తెలియక తరువాత బెదిరిపోయినవారున్నారు. అందుకే ఫిర్యాదుతోనే తాత్కాలిక రక్షణ కూడా అడగడం మంచిది. ఆ వ్యక్తి మీ పరీక్షలు దిద్దకుండా, మీ పరిశోధన మీద నివేదిక ఇవ్వకుండా ఆపమని అడగవచ్చు. విభాగం మార్చమని, మూడు నెలలదాకా సెలవు ఇమ్మని కోరవచ్చు. పిహెచ్.డి. విద్యార్థులకు మొదటిదే ప్రాణం. గైడు మీద ఫిర్యాదు చేస్తే ఐదేళ్ళ శ్రమ పోతుందన్న భయంతోనే ఎక్కువమంది నోరు మెదపరు. విచారణ 90 రోజులలో ముగియాలి. ఆపైన పది రోజులలో నివేదిక, అది అందిన 30 రోజులలో సంస్థ చర్య, తీర్పు నచ్చకపోతే 30 రోజులలో అప్పీలు. రుజువు చాలకపోయినంత మాత్రాన అది దొంగ ఫిర్యాదు అయిపోదని చట్టమే చెబుతోంది.

సమితి అడిగిందే అడుగుతుంటే, అవతలివారి ప్రశ్నలకూ జవాబు చెప్పమంటుంటే, తమను నమ్మడం లేదని విద్యార్థులు బాధపడతారు. ఆ బాధ న్యాయమైనదే. కాని గోవా విశ్వవిద్యాలయంలో ఏమి జరిగిందో తెలుసుకోవాలి. 2009లో విద్యార్థినుల ఫిర్యాదుల మీద అక్కడి సమితి హడావిడిగా విచారణ ముగించి అధ్యాపకుడిని దోషిగా తేల్చింది. ఉద్యోగం నుంచి తొలగించారు. జవాబు చెప్పుకోవడానికి అతనికి సరైన అవకాశం ఇవ్వలేదన్న కారణంతో 2023 మేలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసి, వ్యవహారాన్ని తిరిగి సమితికే పంపింది. పద్నాలుగేళ్ళు! తొందరపాటుకు మూల్యం చెల్లించింది ఫిర్యాదు చేసిన విద్యార్థినులే. కాగా, అడిగిన ప్రశ్నలలో జరిగినదానికి సంబంధంలేని మీ నడవడి గురించో దుస్తుల గురించో ఉంటే అది పద్ధతి కాదు. ఆ ప్రశ్ననూ నమోదు చేయమని అడగండి.

ర్యాగింగు వేరే దారిలో నడుస్తుంది. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక వైద్యవిద్యార్థి సీనియర్ల దెబ్బలకు మరణించాక ఆ ఏడే యు.జి.సి. గట్టి నిబంధనలు చేసింది. 1800-180-5522 అనే ఉచిత నంబరూ అప్పుడే మొదలైంది. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. తెలుగు విద్యార్థులకు ముఖ్యమైనది 2016 నాటి సవరణ. కులం, మతం, రంగు, లింగం, ఆర్థికస్థితి వంటివాటితోబాటు ప్రాంతం, భాష ఆధారంగా తోటి విద్యార్థిని హింసించడం, వెలివేయడం కూడా ర్యాగింగేనని అది చెప్పింది. ఫ్రెషరే కానక్కరలేదు. మీ ఉచ్చారణను రోజూ వెక్కిరించి, ‘గొల్టి’ అని పిలిచి, ఏ బృందంలోనూ చేర్చుకోకపోతే, దాన్ని సర్దుకుపోవలసిన సరదాగా భావించనక్కరలేదు.

అయితే బెంగుళూరు హాస్టళ్ళలో తెలుగు జూనియరును ర్యాగింగు చేసేది చాలాసార్లు తెలుగు సీనియరే. అక్కడే భాష మరో చిక్కు తెస్తుంది. మొదటి రోజునే ‘సర్ అనకు, అన్నా అను’ అంటారు. అన్నా అని పిలిచాక ఆ మనిషి మీద కాగితం పెట్టడం ఇంటిగుట్టు బయటపెట్టినట్టు అనిపిస్తుంది. ఆపైన ఊరివాళ్ళు, సంఘం పెద్దలు కల్పించుకుని ‘మనలో మనం చూసుకుందాం’ అంటారు. తెలుగులో ‘మేము’, ‘మనం’ అని రెండున్నాయి గదా! వినేవాణ్ణి కలుపుకునే ‘మనం’ ఎంత ఆప్యాయమైనదో, ఇటువంటప్పుడు అంత బరువైనది. లైంగిక వేధింపుల వ్యవహారంలో రాజీ ప్రయత్నం బాధితురాలు తానుగా కోరితేనే జరగాలని, డబ్బు దానికి ప్రాతిపదిక కారాదని 2013 చట్టం 10వ సెక్షను చెబుతోంది. సంఘం పెద్దల పంచాయతీకి ఆ చట్టంలో చోటు లేదు.

కులవివక్ష విషయంలో కన్నడ పదాలు తెలిసి ఉండటం అవసరం. మనకు జాతి అంటే ప్రధానంగా దేశజనం. కన్నడంలో జాతి అంటే కులం. పోలీసులు ‘జాతి నిందనె’ అంటే కులదూషణ అని అర్థం. అలాగే ‘కిరుకుళ’ వేధింపు, ‘హల్లె’ కొట్టడం. ‘దౌర్జన్య’ మన దౌర్జన్యం కంటె తీవ్రమైనది. ‘లైంగిక దౌర్జన్య’ అని రాస్తే మనం లైంగిక దాడి అనేదే. షెడ్యూల్డ్ కులాలు, తెగలవారిపై అత్యాచారాల నిరోధక చట్టం 1989 కింద, కులం పేరుతో దూషణ బయటివారు చూడగల, వినగల చోట జరిగిందా అన్నది కీలకం. కాబట్టి అప్పుడు ఎవరెవరు విన్నారో రాసి ఉంచాలి. విశ్వవిద్యాలయం లోపల 2012 యు.జి.సి. నిబంధనల ప్రకారం సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. ఫిర్యాదు 60 రోజులలో తేలాలి. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణించిన నాటికి ఈ నిబంధనలు వచ్చి దాదాపు మూడేళ్ళయింది. తరువాత రోహిత్ తల్లి కూడా పాల్గొన్న వ్యాజ్యం సాగుతుండగా 2026 జనవరిలో యు.జి.సి. కొత్త నిబంధనలు ప్రకటించింది. ఆ నెలలోనే సుప్రీంకోర్టు వాటిని నిలిపి, 2012 నిబంధనలే కొనసాగాలన్నది. మీ కాలేజీలో ఆ అధికారి ఎవరో ఈరోజే అడిగి తెలుసుకోండి. అడిగినందుకు ఆశ్చర్యపోయేవారు ఉంటే ఆ పదవి కాగితం మీదనే ఉన్నదని తెలుస్తుంది.

పోలీసుల దగ్గరకు వెళ్ళవలసి వస్తే, నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ఈ సంగతి చెబుతోంది. తిరుపతిలో దిగాక ధైర్యం వస్తే తిరుపతిలోనే ఇవ్వవచ్చు. అది బెంగుళూరుకు బదిలీ అవుతుంది. లైంగిక నేరాలలో వాంగ్మూలం మహిళా అధికారి రాసుకోవాలి. రాసింది మీకు చదివి వినిపించి సంతకం తీసుకోవాలి, ప్రతి ఉచితంగా ఇవ్వాలి. కన్నడంలో రాస్తే, మీకు తెలిసిన భాషలో అర్థం చెప్పించుకోకుండా సంతకం పెట్టకండి. ‘వెంటపడ్డాడు’ అన్నది కన్నడంలో ఏమైందో అక్కడే అడగండి. అత్యాచారానికి గురైనవారికి ప్రభుత్వ ఆస్పత్రి గాని ప్రైవేటు ఆస్పత్రి గాని వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. ముందు కేసు పెట్టి రమ్మనే అధికారం ఆస్పత్రికి లేదు. స్త్రీలకు, షెడ్యూల్డ్ కులాల, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవల ప్రాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, నంబరు 15100. అత్యవసరానికి 112, స్త్రీలకు 181.

ఫిర్యాదు చేయాలా వద్దా అని తేల్చుకోకముందే కూడా సహాయం పొందవచ్చు. నిద్ర పట్టక, చదువు ఎక్కక, బతుకు మీద విరక్తి కలుగుతుంటే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ టెలి-మానస్ సేవకు కేంద్రస్థానం బెంగుళూరులోని నిమ్హాన్సే. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. బాధను తల్లిభాషలో చెప్పుకోగలగడం చిన్న విషయం కాదు.

ఇక ఇల్లు. ‘ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి తీసుకుపోతారు’ అన్న భయం విద్యార్థినులకు తరచు వేధించినవాడి భయం కంటె పెద్దది. 18 ఏళ్ళు నిండినవారి ఫిర్యాదుకు తల్లిదండ్రుల సంతకం అవసరం లేదు. ఫిర్యాదిదారు పేరును, విచారణ వివరాలను బయటపెట్టడాన్ని 2013 చట్టం 16వ సెక్షను నిషేధించింది. కాని ఇంటర్ అవగానే వచ్చిన మొదటి సంవత్సరం పిల్లలలో పదిహేడేళ్ళవారుంటారు. వారిపై లైంగిక నేరం జరిగితే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, అధ్యాపకులతో సహా. కనుక పదిహేడేళ్ళ విద్యార్థికి ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వడానికి మాలాంటివారికి అధికారం లేదు. ఆ సంగతి ఆ బిడ్డ నోరు తెరవకముందే చెప్పడం మర్యాద.

అనువాదకుల గురించి ఒక మాట. తెలుగు ఫిర్యాదును ఇంగ్లీషు చేసిపెట్టమని విద్యార్థులు తెలుగు శాఖకు రావడం కద్దు. సాహిత్యానువాదంలో మనం మెచ్చుకునే గుణాలు ఇక్కడ పనికిరావు. వాక్యం నునుపు చేయకూడదు, బూతును మెత్తబరచకూడదు, ‘అన్నా’ అన్న పిలుపును వదిలేయకూడదు. ఆ పిలుపును అలాగే ఉంచి, సీనియరును అలా పిలవమన్నది ఎవరో పక్కన రాయాలి. తెలుగు మూలాన్ని ఇంగ్లీషు ప్రతికి జతచేసి రెండింటి మీదా సంతకం పెట్టించండి. సమితికి ఇచ్చినప్పుడు అందినట్టు తేదీతో ముద్ర వేయించుకుని, ఒక నకలు హాస్టలు గదిలో కాక వేరేచోట దాచండి.